ఆఖరి ముద్ద

గరగర... గరగర...

గడప అవతల గోళ్ల చప్పుడు. ఎర్రోడు గోక్కుంటున్నాడు.

ఎర్రోడంటే లక్ష్మీనర్సమ్మ కుక్క. తొర్రూరు శివారులో, మిరప కల్లం పక్కన, ఆ రేకుల ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. పెనిమిటి పోయాక ఆమెకు పొయ్యి ముట్టించబుద్ధి కాలేదు. కానీ కంచంలో ఆఖరి ముద్ద కుక్కకు పెట్టడం ఆ ఇంటి అలవాటు. ఆఖరి ముద్ద మిగలాలంటే మొదటి ముద్ద తినాలి కదా —

అట్లా తిన్నది. అట్లా బతికింది.

గరగర...

ఎర్రోడి వెంట్రుకలు రాలాయి. చర్మం పుండైంది. అక్క కొడుకు రాహుల్ పట్నం తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించాడు. అన్నం పడదట. కోడి పడదు, గుడ్డు పడదు, జొన్న పడదు.

"మరి ఇగ మన్ను తినాల్నా వీడు?" అంది లక్ష్మీనర్సమ్మ.

వాడికి దుకాణంలో అమ్మే కుక్కల తిండి కొనిపెట్టింది. తాను తలుపేసుకుని తిన్నది. తలుపు అవతల ఒక నిట్టూర్పు... కంచం పక్కకు నెట్టేసింది. కుక్క చిక్కింది. ఆమె చిక్కింది. గోకుడు మాత్రం చిక్కలేదు.

పశువుల దవాఖానలో డాక్టర్ తనూజ ఆ రక్తపరీక్ష కాగితం చూసి పక్కన పెట్టింది.

"అవ్వా, ఏ తిండి పడదో రక్తంల సక్కగ తెల్వదు. మంచిగున్న కుక్కలకు గూడ గిట్లనే వస్తది. వీడు ఎన్నడూ తిననియి పెట్టు. చేప, తియ్యటి కందగడ్డ — గంతే. తగ్గినంక ఒక్కొక్కటి కలిపి చూద్దాం."

"అన్నం గూడనా బిడ్డా?"

"చూద్దాం. వాని ఒళ్లే చెప్తది."

చేప, కందగడ్డ. చేప, కందగడ్డ. వారాలు గడిచాయి. గోకుడు తగ్గింది. పుండ్ల మీద నూగు మొలిచింది.

ఒక మధ్యాహ్నం తలుపు వేయడం మరిచింది. ఆఖరి ముద్ద చేతిలో ఉంది. ఏళ్ల అలవాటు — చేయి దానంతటదే గడప దాటింది.

ఎర్రోడు మింగేశాడు.

"అయ్యో, ఎంత పని చేస్తిని!" వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

తనూజ నవ్వింది. "ఏం కాదవ్వా. ముందుగాల అన్నమే కలుపుదామనుకున్న. ఇగ రోజూ గంతే పెట్టి చూడు."

రోజూ పెట్టింది. రోజూ గడప మీద కూర్చుని చెవి ఒగ్గింది...

గరగర లేదు.

ఆమెకు ఏడుపొచ్చింది. కల్లంలో మంచి మిరపకాయలు ఏరి డాక్టరమ్మకు పంపింది. దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఎవరూ చూడకుండా ఎర్రోడికి కూడా దండం పెట్టింది.

రేపు గుడ్డు కలపాలి. పడుతుందో, పడదో...

ఈ పూటకు తలుపు తెరిచే ఉంది. కంచంలో ఒక్క ముద్ద మిగిలింది.

గడప అవతల గోళ్ల చప్పుడు. మళ్లీ గోకుడేనా అని ఆమె చెవి ఒగ్గింది.

టక... టక...

గోకుడు కాదు. నడిచి వస్తున్నాడు.