బస్సుకు వెయ్యని బిళ్ళ

మనవరాలి చెవులకు మిషన్లు పెట్టాలో వద్దో ఇవాళ తేలిపోతుంది. ఆ మాట తలుచుకోలేక పెద్దాయన దారి పొడవునా రోడ్డును తిట్టుకుంటూ నడిచాడు.

నెల కిందటి దాకా అది హైవే నుంచి మార్కెట్టుకు గీత గీసినట్టు పోయే రోడ్డు. ఇప్పుడు నడిమధ్యన సిమెంటు తొట్లు పెట్టి, మొక్కలు నాటి మూసేశారు. బస్సులూ లారీలూ ఊరి బయట నుంచి చుట్టి పోతున్నాయి. బస్సు దిగినవాడు రెండు సందులు నడవాలి. మూసెయ్యొద్దని సంతకాలు తీసుకున్నప్పుడు మొదటి సంతకం ఆయనదే. భార్య పోయినప్పటి నుంచి ఆయన దేనికీ సరే అన్న పాపాన పోలేదు.

పిల్లను ఆయన పిడుగు అంటాడు. పిలిస్తే పలకడం లేదని బడి నుంచి టీచరు కబురు పెట్టింది. పలకకపోవడం పొగరని ఆయన, చెవుల లోపమని టీచరు. పోయిన నెల పరీక్షలో టీచరే నెగ్గింది. సన్నటి శబ్దాలు పర్వాలేదు గానీ బొంగురు శబ్దాలు రెండు చెవులకూ అందడం లేదన్నారు. కూతురు ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. ఇవాళ ఆమెకు సెలవు దొరకలేదు.

ఆ రోడ్డు మీదే ఉన్న చెవుల ఆసుపత్రిలో, మేడ మీద గదిలో, పరీక్ష చేసే అమ్మాయి పిల్లకు హెడ్‌ఫోన్లు తగిలించింది. "మిషన్ల కొలత తీసుకునే ముందు ఇంకోసారి చూద్దాం తాతగారూ."

"మొన్నే సరిగ్గా చూసి ఉంటే ఈ తిప్పలుండేవా?"

"మొన్నా సరిగ్గానే చూశానండీ."

"అయితే ఇవాళ దేనికి?"

ఆ అమ్మాయి చెక్క బిళ్ళలు పిల్ల ముందు పోసింది. చెవిలో శబ్దం వినబడినప్పుడల్లా ఒక బిళ్ళ డబ్బాలో వెయ్యాలి. అదీ పద్ధతి.

టక్. కాసేపాగి, టక్. మళ్ళీ టక్.

ఆ అమ్మాయి నొసలు ముడిచింది. వైర్లు పీకి పెట్టింది. వేరే హెడ్‌ఫోన్లు తెచ్చి మొదటి నుంచి మొదలెట్టింది. బిళ్ళలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

చివరికి హెడ్‌ఫోన్లు తీసి అడిగింది. "మొన్న ఇవేవీ వినబడలేదు కదమ్మా?"

"ఊహూఁ. బస్సు వినబడింది."

"మరి చెప్పలేదే?"

"బస్సుకు బిళ్ళ వెయ్యమన్లేదుగా నువ్వు!"

ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. కింద సిగ్నల్ స్తంభం ఉంది, దీపాలు లేవు. "పచ్చ లైటు పడగానే బస్సులన్నీ ఒక్కసారే లాగేవి," అంది మెల్లగా. "ఆ మోతలో ఈ శబ్దాలు మునిగిపోయాయి. నాకు అలవాటైపోయి పట్టించుకోలేదు. పాప బడి కూడా ఈ రోడ్డు మీదేనా?"

"రోడ్డు వైపు కిటికీ పక్కనే దీని బెంచీ."

"చెవులు బంగారంలా ఉన్నాయి తాతగారూ. మిషన్లు అక్కర్లేదు. క్షమించండి."

పెద్దాయన క్షమించలేదు. ఫోను తీసి కూతురికి కలిపి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఏడ్చింది అది. దానికి చెప్పు. ఆ తర్వాత, లోపముందని ఇంకా ఎంతమంది పిల్లలకు చెప్పావో, అందర్నీ పిలిచి మళ్ళీ చూడు. వాళ్ళ అమ్మలూ ఏడ్చే ఉంటారు."

"పిలుస్తానండీ," అంది ఆ అమ్మాయి తల వంచుకుని. ఫోనులోంచి కూతురి ఏడుపు బయటికే వినబడింది. ఇది వేరే ఏడుపు.

పిల్లను తీసుకుని ఆయన బయటికొచ్చాడు. ఏ తొట్లు వద్దని సంతకం పెట్టాడో ఆ తొట్టి అంచు మీదే కూలబడ్డాడు. నెల రోజులుగా గుండె మీదున్న బండ దిగిపోయినట్టుంది. పెదాలు కదిలీ కదలకుండా గొణుక్కున్నాడు. "విన్నావుటే? పిల్లకేం లేదంట."

పిడుగు తొట్టిలో మట్టి కెలకడం ఆపింది. "అమ్మమ్మతోనా తాతా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీకు వినబడిందా?"

"బస్సుల్లేవుగా," అంది అది, మళ్ళీ మట్టిలో చెయ్యి పెడుతూ.

తొట్టి మీంచి లేవడానికి ఆయన తొందరపడలేదు.