కంపు కొట్టే పాట

నేను ఒక చిన్న స్పీకరుని. అరచేతిలో పట్టే నీలం ప్లాస్టిక్ డబ్బాని. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి చేతులకు తొడుగులు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుంది. అంత శుభ్రమైన గదిలో పుట్టి, కాకినాడ దగ్గర ఒక రొయ్యల షెడ్డులో మేకుకు వేలాడాను. మనుషులు తమ ముక్కులకు గుడ్డ కట్టుకుంటారు. నాకు ముక్కు లేదన్న ధీమాతో ఏ కంపులోనైనా తగిలిస్తారు.

నన్ను కొన్నది ఇమ్మానుయేలు, ఐసు మిషను మెకానిక్కు. రెండేళ్ళు ఆ షెడ్డు చప్పుళ్ళన్నీ ఫోనులో పట్టుకుని, పాటలు కడతానని హైదరాబాదు వెళ్ళిపోయాడు. పోతూ నన్ను నూకరత్నానికి ఇచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా రొయ్యలు ఒలుస్తూ, మిగతా ఆడవాళ్ళకు మేస్త్రి అయిన మనిషి ఆమె.

ఏడాదికి అతని ఆల్బం వచ్చింది. పేరు ‘పొట్టు’. పాడేవాళ్ళు లేరు, మాట లేదు. షెడ్డు చప్పుళ్ళను ముక్కలుగా కోసి దరువు మీద అతికించిన హిప్‌హాప్. పట్నం ఆహా అంది. ఒక పత్రిక ‘శ్రమ పరిమళం’ అని రాసింది. ఒలిచేవాళ్ళలో ఒకామె ఆ ముక్క పైకి చదివి, ఆల్బం నాలో పెట్టింది.

నూకరత్నం అర నిమిషం విన్నది. కుళ్ళిన రొయ్య చేతికి తగిలినట్టు ఆమె మొహం ముడుచుకుపోయింది.

“పరిమళమా? ఆ రాసినోణ్ణి ఒక్క పూట ఇక్కడ కూకోమను, తెలుస్తాది. మన కంపు మనకే వడ్డిస్తన్నాడు ఈడు. ఆపెహే!”

బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. నిమ్మచెక్క, చింతపండు, బట్టల సబ్బు, ఏది రుద్దినా నీచు పోదు. తన చేతుల్ని తానే భరించలేక అన్నం చెంచాతో తినేది. అలాంటి మనిషికి ఆ నీచునే పాటగా వినిపిస్తే ఏమంటుంది? ఆరేళ్ళు ఆ పేరే ఎత్తనివ్వలేదు.

తరువాత ఆమె చేతులు పాడయ్యాయి. ఐసు నీళ్ళకు గోళ్ళ చుట్టూ చర్మం ఊడి చీము పట్టింది. తడి తగలకూడదన్నాడు డాక్టరు. షెడ్డు వాళ్ళు ఇంకో మేస్త్రిని పెట్టుకుని, నూకరత్నంతో పాటు నన్నూ ఇంటికి పంపించేశారు. పాతికేళ్ళ చాకిరీకి దక్కిన కానుకను నేనే. అదీ ఆమె సొంత వస్తువే.

మధ్యాహ్నాలు చేతులకు మందు రాసుకుని, వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఒకరోజు వేలి కణుపుతో ఫోను నొక్కి ‘పొట్టు’ పెట్టింది. తిట్టడానికే పెట్టింది.

మూడో పాటలో రెండు దెబ్బలు పడ్డాయి. ఆ చప్పుడు ఆగింది. మళ్ళీ రెండు దెబ్బలు. ఆమె చటుక్కున తలెత్తింది. ఐసు అయిపోయినప్పుడు తెమ్మని టబ్బు అంచు మీద అరచేత్తో తాను కొట్టే దెబ్బలవి. షెడ్డులో ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ వెంటనే వచ్చేవారు కాదు. పాటలోనూ ఎవరూ రాలేదు. కింద దరువు నడుస్తూనే ఉంది, పైన ఆమె చెయ్యి పిలుస్తూనే ఉంది. వినేవాళ్ళకు ఇక ఒళ్ళు మండే వేళకు, గలగలమని ఐసు పడింది. పాట అయిపోయింది.

“ఓర్నీ! ఈడు ఇన్నాడు. నన్ను ఇన్నాడు!”

ఇంకో నాలుగుసార్లు పెట్టుకుంది. కంపు ఏమీ తగ్గలేదు. దానికి అతను అత్తరు పూయలేదని మాత్రం ఇప్పుడు తెలిసింది. వెంటనే ఫోను చేసింది.

“ఒరే ఇమ్మానేలూ, మూడోదాంట్లో ఆ చెయ్యి నాదే గదా?”

“నీదే పిన్నీ.”

“మరి నా పేరేదిరా?”

“ఎవరి పేర్లూ ఎయ్యలేదు పిన్నీ. నాదొక్కటే ఏసుకున్నాను. తప్పే. వచ్చి కనపడతాను.”

“ఛీ! ఇంత బాగా ఇన్నోడివి, ఒక్క మాట అడగాలని తెలీలేదా? ముందు పేర్లెయ్యి, అప్పుడు రా.”

పెట్టెయ్యబోయి ఆగింది. “ఒరే, ఆ మూడోదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా ఎలా పెట్టాలో చెప్పు.”

అతను చెప్పాడు.

ఉప్పుగాలికి నా గొంతు బొంగురుపోయింది. పాత సామాన్లవాడి బండికి ఎప్పుడో సిద్ధంగా ఉన్నాను. ఈలోగా రోజూ మధ్యాహ్నం అదే పాట మోగుతున్నాను. పేర్లు ఇంకా పడలేదు. అతనూ ఇంకా రాలేదు.