సీసపు గుండు మీద మొటిమ

మా ఇంటి వలకు కొన్న గుండ్లు ఏనాడూ ఎక్కలేదు. కొత్తపట్నంలో ఎవరినైనా అడగండి. ఈ ఆదెమ్మ నోటి గురించి వంద చెబుతారు గాని ఆ మాట మాత్రం కాదనరు.

మా మామగారు సరుగుడు తోటకు కాపలా ఉండేవాడు. మందు దట్టించి పేల్చే పాత తుపాకీ ఒకటి ఉండేది ఆయనకు. దాన్ని ఎప్పుడో పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పేశాడు. గుండ్లు పోసే ఇత్తడి అచ్చు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పట్టకారులా తెరుచుకుంటుంది. మూసి, పైనున్న బెజ్జంలో కరిగిన సీసం పోస్తే రేగుపండంత గుండు వస్తుంది. దాన్ని సగం దాకా చీల్చి విసురు వల అంచు తాడుకు నొక్కేస్తాం. నలభై ఏళ్ళుగా ఆ పని నాదే. మా ప్రతి గుండు మీదా పక్కన చిన్న మొటిమ ఉంటుంది. అది మా ఇంటి ముద్ర, తుపాకీ కాలం నాటిది అని ఊరంతా చెప్పుకున్నాను.

ఇప్పుడు కంటికి ఆపరేషన్ అయింది. పొయ్యి దగ్గరికి, పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు ఆర్డరేశాడు. సరిగ్గా అప్పుడే మా అశోక్ కొత్త వల అల్లి ముగించాడు.

"వాగు సముద్రంలో కలిసే మొగలోకి చేపలు దిగాయమ్మా. నీ కన్ను బాగయ్యేదాకా అవి ఆగవుగా! రేపు సాయంత్రం ఒంగోలు పోయి గుండ్లు కొనుక్కొస్తా" అన్నాడు.

ఇక ఈ ముసలిదాని చేతితో పని లేదన్నమాట.

"నేను పోస్తానత్తయ్యా, మీరు చెప్పండి" అంది కోడలు ధనశ్రీ. వచ్చి ఆరు నెలలైంది. మంగళగిరి నేతవాళ్ళ పిల్ల. సముద్రాన్ని చూస్తే ఇప్పటికీ ఒడ్డునే చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంటుంది. దీని మొహం, ఇదేం పోస్తుంది అనుకున్నాను. గతిలేక సరేనన్నాను.

తెల్లారి పెరట్లో పొయ్యి వెలిగించింది. నేను నల్లద్దాలు పెట్టుకుని, గాలి వచ్చే వైపు, పది అడుగుల దూరంలో మంచం వేసుకుని కూర్చున్నాను. అక్కడికే ఏదో పసుపుపచ్చగా తళుక్కుమంది.

"ఏమిటే అది?"

"అచ్చు అత్తయ్యా. రాత్రి చింతపండు పెట్టి తోమి, పసుపు కుంకుమ పెట్టాను. మా ఇంట్లో మగ్గానికి బొట్టు పెట్టందే దారం నాడె ముట్టుకోమండీ."

"ఓసి నీ పసుపు కుంకుమ పాడుగాను! కొంప ముంచావే! నలభై ఏళ్ళ మసి పట్టించానే దానికి! లోపల చుక్క నీళ్ళున్నా సీసం చిమ్మి మొహాన పడుతుంది. ముందు సెగకు పెట్టి ఆరబెట్టు!"

ఆరబెట్టింది పాపం, కిక్కురుమనకుండా. సీసం కరిగాక మడ్డి తీసి పారేసింది. మొదటి గుండు ముడతలు పడి వచ్చింది. రెండోదీ అంతే. మూడోది అసలు రాలేదు, అచ్చులోనే ఇరుక్కుంది. టైము పది దాటింది. అశోక్ బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ ఒకసారి తొంగిచూసి పోయాడు.

నాకు అలుకుపోయినట్టు కనిపిస్తోంది గాని చెవులు బానే ఉన్నాయి. మేకుల డబ్బా గలగలమంది.

"మేకు పెట్టకే!" అని ఒక్క అరుపు అరిచాను. కాకులన్నీ లేచిపోయాయి.

"మేకు తీశానని మీకెలా తెలిసిందత్తయ్యా?"

నోరు జారాను. ఇక దాచి ఏం లాభం?

"ఎలాగేమిటి! పెళ్ళయిన కొత్తలో నేనూ అదే చేశాను గనక. ఇలాగే ఇరుక్కుంటే మేకు పెట్టి పొడిచాను. లోపల గుంట పడి, పోసిన ప్రతి గుండుకీ మొటిమ వచ్చింది. మా అత్త అడిగితే, ముద్ర అత్తా, తుపాకీ కంపెనీ వాళ్ళదేమో అన్నాను. ఆవిడ నమ్మింది. ఊరూ నమ్మింది."

ధనశ్రీ పొట్ట పట్టుకుని నవ్వు మొదలెట్టింది. "అయితే మొటిమ మీదేనా అత్తయ్యా!" అని మళ్ళీ నవ్వు. నాకూ ఆగలేదు.

"చాల్లే, ఇలా విను. అచ్చు కాస్త వేడి చేసి, కీలు మీద కర్రతో తట్టు. రాలిపోతుంది. తరవాత ఆముదం దీపం పెట్టి లోపలంతా మసి పట్టించు. మసి ఉంటే సీసం అంటుకోదు, తిట్టే హడావిడిలో పొద్దున ఆ మాటే మరిచాను."

మసి పట్టించింది. మగ్గం మీద దారం చూసే పిల్ల కదా, తొందరపడలేదు. నాలుగో గుండు పళ్ళెంలో టక్కున పడింది. చల్లారాక నా చేతిలో పెడితే తడిమి చూశాను. నున్నగా ఉంది, పక్కన మొటిమతో సహా. నా కోడలు పోసిన గుండు! ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

సాయంత్రం అశోక్ ఒంగోలు పోదామని వచ్చాడు. పళ్ళెం నిండా గుండ్లు చూసి కూలబడ్డాడు. ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"అబ్బో, మన ముద్ర కూడా బ్రహ్మాండంగా పడిందే!"

ధనశ్రీ తల వంచుకుని, మసి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ, "అవునండీ. మీ తాతగారి తుపాకీ నాటిది కదా" అంది, ఎంత గంభీరంగానో.

నవ్వీ నవ్వీ ఆపరేషన్ కంట్లో నీళ్ళు కారాయి. కన్ను తడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఏం చేస్తాం, తడిసింది.