కార్డులోని స్ట్రెయిట్స్

1941 ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం, మద్రాసు నుంచి వచ్చిన కార్డు పట్టుకొని అంజనమ్మ చాకవేలు నుంచి బాగేపల్లికి వచ్చింది. ఆమె భర్త గోవిందప్ప కారు తోలే పని వెతుక్కుంటూ పోయి అయిదు నెలలయింది. చదువు రాని అతని తరఫున ఎవరో గుమాస్తా ఇంగ్లీషులో రాశాడు.

బడి అయ్యవారు అనంతపద్మనాభ చదివాడు. మద్రాసు వదులుతున్నాను, ‘స్ట్రెయిట్స్’ పోతున్నాను, అంతే ఉంది. ‘నేరుగా’ అనే అర్థమున్న ‘స్ట్రెయిట్’ మాటలో ‘ఏ’ ఉండాల్సిన చోట ‘ఈ’ ఉంది, చివర ‘ఎస్’ ఎక్కువుంది. గుమాస్తా ఇంగ్లీషు ఇంతే అనుకున్నాడు.

“నేరుగా ఇంటికే వస్తాండాడమ్మా,” అన్నాడు.

నెలన్నర తర్వాత సంతలో ఆమె కనిపించింది.

“రాలేదయ్యోరా. మద్రాసులో ఇంగొకామెను పెట్టుకోనుండాడని మా మామ అంటాండాడు.”

అనంతపద్మనాభ తను ఉండే గదికి పోయి పాత నిఘంటువు తీశాడు. గుమాస్తా రాసిన స్పెల్లింగు తప్పు కాదు, పాతకాలపుది. అది వేరే మాట. రెండు నేలల నడుమ ఇరుకు సముద్రమని ఒక అర్థం, కష్టమని ఇంకొకటి. చివర ‘ఎస్’ చేరిస్తే సింగపూరు, పెనాంగు ఉన్న దేశం.

మరునాడే చాకవేలు పోయాడు.

“తప్పు నాదమ్మా. ఆయప్ప సముద్రం దాటి సింగపూరు పక్క పోయినాడు.”

“ఈ మాట మా మామకు గూడా చెప్పండి,” అంది ఆమె.

మామ మునివెంకటప్పకు, వాకిట్లో చేరిన వాళ్లకు వినబడేలా చెప్పాడు. కష్టమనే అర్థం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మాఘంలో సింగపూరు జపానువాళ్ల చేతికి పోయింది. అప్పటినుంచి ప్రతి సంతకూ అంజనమ్మ అతని గదికి వచ్చేది. “పేపర్లో ఏమన్నా ఉండాదా అయ్యోరా?” అని అడిగేది. అతను ఉన్నది చదివేవాడు. అతని భార్య చనిపోయినాక ఆ గదికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆమె ఆ కార్డు ఊసెత్తలేదు.

1946 మొదట్లో మూడు సంతలు వరసగా రాలేదు. చాకవేలు బైరప్ప కనబడితే అడిగాడు.

“గోవిందప్ప వచ్చి ఇరవై దినాలాయ గదా! ఎముకలే మిగిలుండాయి గానీ, లేచి తిరగతాండాడు. మీకు ఎవురూ చెప్పలేదా?”

“లేదప్పా,” అన్నాడు అనంతపద్మనాభ.

అతనికి నిజంగానే సంతోషమయింది. అయినా ఆ సాయంత్రం గదికి పోబుద్ధి కాలేదు. పిల్లలు వెళ్లిపోయిన తరగతిలో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు.