నాన్న దాచిన స్తంభం

ఈ ఊరిని చూడ్డానికి జనం ఎందుకు ఎగబడతారో నాకు అర్థం కాదు. మూడు వీధులు, ఒక పాత మఠం, అడుగుకో బొమ్మల కొట్టు. పైగా గొడుగు పట్టుకుని ముందు నడిచే గైడొకడు. "ఎనిమిది వందల ఏళ్లు" అన్న మాట గంటలో ముప్పైసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ జనం నోళ్లు తెరిచి ఫొటోలు తీసుకున్నారు.

అయినా వచ్చాను, నాన్న కోసం. ఆయన రాతిపని చేసేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ మఠం వరండాలో ఒక స్తంభం తల విరిగిపోతే, కొత్త రాతితో చెక్కి పెట్టింది ఆయనే. ఇప్పుడు చూపు మందగించింది. పూర్తిగా పోయేలోపు దాన్ని ఒక్కసారి చూడాలన్నాడు.

గైడు సరిగ్గా ఆ స్తంభం దగ్గరే ఆగి, దాని తలమీది చెక్కడం వైపు గొడుగు ఎత్తాడు.

"ఈ ఆకులు చూడండి! మిగతావన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. అలాంటి చేతులు ఇప్పుడెక్కడున్నాయండీ? ఈ కాలం వాళ్లకి తెలిసిందల్లా సిమెంటే."

నా ఒళ్లు మండిపోయింది. చెక్కినాయన నీ మోచేతి పక్కనే ఉన్నాడురా, గొడుగు సన్నాసీ! నోరు తెరవబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోవే."

"ఎందుకూరుకోవాలి? వాడి చదువు చట్టుబండలు కానూ! నువ్వేనని చెప్తాను."

"చెప్తే పీకేస్తారే," అన్నాడు గొంతు తగ్గించి. "కొత్త రాయి కొత్తదని తెలిసేలా నున్నగా వదిలెయ్యాలి. ఇక్కడి మరమ్మతు పద్ధతి అదీ. నాకు మనసొప్పలేదు. పాతవాటిలాగే ఆకులు చెక్కి, అంచులు అరగదీసి, మసి రాసి నిలబెట్టేశా. మా మేస్త్రీ కూడా పసిగట్టలేదు."

"ఇన్నేళ్లూ నాక్కూడా చెప్పలేదేం?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదమ్మా."

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ మఠంలో అడ్డమైన వాడికీ గోడకి బిగించిన రాతిపలకమీద పేరుంది. గేటుకి రంగు వేయించినవాడికి కూడా ఉంది. ఈయనకి మాత్రం తను చెక్కిన రాయి ముందు దొంగలా నిలబడే భాగ్యం.

"కనిపిస్తోందా?" అని అడిగాను.

"మసగ్గా," అన్నాడు మెడ పైకెత్తి. కళ్లు చిట్లించుకుని చాలాసేపు అలాగే చూశాడు.

గైడుకి అది నచ్చినట్టుంది. దగ్గరికి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, నేనన్నది నిజమేనా? ఉన్నాయా అలాంటి చేతులు?"

నాన్న వణికే రెండు చేతుల్నీ జేబుల్లో పెట్టుకున్నాడు.

"లేవు బాబూ," అన్నాడు. "ఎప్పుడో పోయాయి."