రైటర్ గారి గొంతు

ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి షాట్ పాడైంది. పదకొండయ్యేసరికి అదే షాట్ ఇంకా పాడవుతూనే ఉంది. ఇల్లు విడిచి వెళ్లిపోతున్న భర్తతో, వంటగది గుమ్మంలో నిలబడి నటి నాలుగు వాక్యాలు చెప్పాలి. ఆమె గొంతు కింద ఇంకో గొంతు రికార్డవుతోంది.

"రైటర్ గారూ, మళ్లీ మీరే," అన్నాడు సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు మెడ మీదకు దించుకుని.

"నేను నోరు విప్పలేదండీ."

"విప్పలేదు. గొణిగారు."

రచయిత దర్శకుడైన మొదటి రోజది. ఆయన తండ్రి నాటక సమాజంలో ప్రాంప్టరు. తెర పక్కన పీట మీద కూర్చుని నటులు మరిచిపోయిన మాట అందించేవాడు. తండ్రి గొంతు పడిపోయాక ఆ పీట మీద కొడుకు కూర్చున్నాడు. తర్వాత సినిమాలకు మాటలు రాయడానికి వచ్చాడు. ఏళ్ల తరబడి ఇతరుల సెట్లలో కెమెరా పక్కన నిలబడి అదే పని చేశాడు. అప్పట్లో గొంతులు డబ్బింగులో వేసేవారు కాబట్టి ఎవరికీ అడ్డు రాలేదు. ఈ సినిమాకు అక్కడికక్కడే రికార్డు చేయాలని పట్టుబట్టింది ఆయనే.

నిర్మాత ఆయన బావమరిది. "బావా, అక్క మొహం చూసి నీకు డైరెక్షన్ ఇచ్చాను. భోజనాలలోపు ఒక్క షాట్ తియ్యి. లేదంటే కెమెరామన్ డైరెక్ట్ చేస్తాడు. నువ్వు హాయిగా మాటలు రాసుకో."

"కథ నాది రా!"

"కథా నీదే, గోలా నీదే. అదే కదా నా ఖర్మ."

రచయిత నోట్లో రుమాలు కుక్కుకున్నాడు. ఈసారి మూలుగు రికార్డయింది.

"ఎవరో పాపం చావుబతుకుల్లో ఉన్నారండీ," అన్నాడు సౌండ్ ఇంజనీరు. లైట్ల వాళ్లు నవ్వారు.

రచయిత రుమాలు విసిరికొట్టి వీధిలోకి నడిచాడు. ఆయన వెనకే తలుపు వేశారు. అసిస్టెంటు 'యాక్షన్' అని అరవడం వినిపించింది. ఆయన గోడకు ఆనుకుని నాలుగు వాక్యాలూ చెప్పుకున్నాడు. అవి అయిపోయినా లోపలి నుంచి 'కట్' అన్న కేక రాలేదు.

తలుపు తీశాక మానిటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద నటి, "వెళ్లేవాడివి చెప్పి వెళ్లు," అంది. అక్కడితో ఆగింది. కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, వెనక్కి వెళ్లి పొయ్యి ఆర్పింది.

"మిగతా మూడూ ఏవమ్మా?"

"మర్చిపోయానండీ. పొద్దుటి నుంచి మీ నోరు చూసే చెబుతున్నాను. మీరేమో బయటికెళ్లిపోయారు."

ఆ మూడింటినీ ఆయన ఆరు నెలలు దిద్దాడు. భోజనాల బండి గేటు ముందు ఆగింది.

"ఓకేనా, కాదా? ఏదో ఒకటి చెప్పు బావా," అన్నాడు బావమరిది.

రచయిత షాట్ మళ్లీ వేయించుకుని చూశాడు. ఒంటి గంటకు పది నిమిషాలుండగా ఓకే అన్నాడు. బావమరిది భోజనానికి వెళ్లాక, ఆ మూడు వాక్యాలూ డబ్బింగులో కలపడం వీలవుతుందా అని సౌండ్ ఇంజనీరును అడిగాడు.

ఆమె పెదవులు కదల్లేదని, కుదరదని సౌండ్ ఇంజనీరు చెప్పాడు.