డెమో పేషెంటు

"ఊరికేగా ఉన్నావు, నువ్వే చూడు" అన్నారాయన.

అప్పుడు నా నోట్లో రెండు క్లిప్పులున్నాయి, చేతుల్లో ఆయన తెల్లకోటు నీళ్లోడుతోంది. నా నోరు ఖాళీగా లేనప్పుడే ఆయనకి నాతో మాట్లాడాలనిపిస్తుంది ఎందుకో. చూడమన్నది కూరగాయల సంగతి కాదు. మా ఇంటి కింద ఉన్న ఆయన క్లినిక్‌లో పేషెంట్ల కార్డులన్నీ ఇక కంప్యూటర్లోకి ఎక్కాలి. అదీ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ అయితే కుదరదు, ఆరోగ్యశాఖ సర్టిఫికెట్ ఉన్నదే కావాలి. లేకపోతే ఇన్సూరెన్స్ పేషెంట్లు మా గుమ్మం తొక్కరు. అలాంటిది ఎవరు అమ్ముతారో, అందులో ఏది మంచిదో కనుక్కోవాలి. ఆయనకి తీరికెక్కడిది!

నాకు మాత్రం తీరికే తీరిక. పొద్దున్నే మెట్లు దిగి క్లినిక్ తలుపు తీస్తాను. కార్డులు వెతికి బల్ల మీద పెడతాను, ఫోనెత్తుతాను, సూదికి ఏడ్చే పిల్లల్ని పట్టుకుంటాను, మధ్యలో పైకి పరిగెత్తి పొయ్యి కట్టేసి వస్తాను. ఒకసారి నవ్వుతూనే జీతం మాట ఎత్తితే, "మన క్లినిక్కేగా, నీకు నువ్వే జీతమిచ్చుకుంటావా?" అని ఆయనా నవ్వారు. ఆ నవ్వుతో ఆ మాట అయిపోయింది.

కంపెనీలకి ఫోన్ చేస్తే అందరూ ముందుగా అడిగేది ఒకటే, ఎవరు మాట్లాడుతున్నారని. డాక్టర్ గారి భార్యనంటే, "సార్‌కి ఒకసారి ఇస్తారా మేడమ్?" అనేవారు. అందుకని "క్లినిక్ నుంచి" అనడం నేర్చుకున్నాను. ఆరోగ్యశాఖ వెబ్‌సైట్లో సర్టిఫికెట్ ఉన్న వాటి పేర్లుంటాయని, కంపెనీ పేరొక్కటే సరిపోదని, ఏ వెర్షన్‌కి ఇచ్చారో కూడా చూసుకోవాలని నాకు నేనే తెలుసుకున్నాను. ఒక పెద్ద కంపెనీవాడు పాత వెర్షన్‌కి వచ్చిన సర్టిఫికెట్ చూపించి కొత్తది అంటగట్టబోయాడు. అన్న మార్కులు చూపించి తమ్ముడికి సీటు అడిగినట్టు. పట్టుకున్నందుకు నాకు భలే గర్వమేసి, భోజనాల దగ్గర చెప్పాను. "కూరలో ఉప్పు తగ్గింది" అన్నారాయన.

నాకు గొంతులో గడ్డ ఉంది. తల దువ్వుకుంటూ అద్దంలో చూశాను మొదటిసారి, ఎడమవైపు, మింగినప్పుడు కదిలింది. ఆయనతో చెప్తే పేపర్లోంచి తలెత్తకుండా, "ఊరికే తడుముకోకు, తడిమేకొద్దీ పెద్దదైనట్టుంటుంది" అన్నారు. ఇంకోసారి చివరి పేషెంటు వెళ్లాక నేనే ఆయన ముందు నిలబడి మెడ ఎత్తాను. "ఇప్పుడే చేతులు కడుక్కున్నానే" అన్నారు. అత్తగారైతే, "ఇంట్లోనే డాక్టర్ని పెట్టుకుని నీకు భయమేంటే, విడ్డూరం కాకపోతే!" అని తేల్చేశారు. ఇంకెవరికైనా చూపించుకుందామంటే, డాక్టర్ గారి భార్యకి డాక్టర్ గారి మీదే నమ్మకం లేదనుకుంటారు. అసలు కారణం అది కూడా కాదు. రోజూ అంతమంది గొంతులు తడిమే ఆ చెయ్యి ఒక్కసారి నా గొంతు మీద పడాలని నాకుండేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఉండేది. ఊళ్లోవాళ్ల కార్డులన్నీ నా చేతుల మీదుగా వెళ్లేవి, నాకంటూ ఒక కార్డు లేదు.

చివరికి నేను ఏరిన కంపెనీ నుంచి ఒక అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని డెమో చూపించడానికి వచ్చింది. ఆయన వాచీ చూసుకుంటూ కూర్చున్నారు.

"ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఉండాలి సార్" అంది ఆ అమ్మాయి.

"ఈవిడకెందుకు, నాదే వాడుకుంటుంది."

"అలా కుదరదు సార్. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అన్నీ ఉండిపోవాలి. ఒకసారి రాసింది తుడిచెయ్యడానికి కూడా రాదు. సర్టిఫికెట్ ఇచ్చేదే అందుకు." తర్వాత నా వైపు తిరిగింది. "మేడమ్ ఏం చేస్తారని పెట్టమంటారు? నర్సా, రిసెప్షనా, అకౌంట్సా?"

"అన్నీ" అన్నాను.

"ఏదో ఒకటి పెట్టమ్మా, ఇంట్లో మనిషే" అన్నారాయన.

ఎవరో ఒక పేషెంటుని ఎక్కించి చూడమంది. చేతులు వాటంతటవే నా పేరు కొట్టాయి. బాధ ఏమిటన్న చోట, ‘గొంతులో ఎడమవైపు గడ్డ, మింగితే పట్టేస్తోంది’ అని రాశాను. ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి, "డెమోకి ఇంత కథ అల్లావా!" అని పకపకా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. డాక్టర్ చూసేదాకా ఆ పేరు ఎర్రగానే ఉంటుందని చెప్పింది. ఆయన ఫోనొచ్చి బయటికెళ్లాక, తెర మీద ఒక మూల చూపించింది. "పేషెంటు కావాలంటే తన రికార్డు వేరే డాక్టర్‌కి పంపించుకోవచ్చు మేడమ్, ఇక్కడ నొక్కితే చాలు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు."

అదే కొన్నాం. "మంచిది వెతికి పట్టుకున్నాను" అని ఆయన స్నేహితుడితో ఫోన్లో చెప్తుంటే కాఫీ కప్పు అందించాను.

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన రోజు మెళ్లో గొలుసు తీసి కిందికి దిగాను, ఆయన చెయ్యి పెట్టి చూడటానికి అడ్డం లేకుండా. డెమోలో ఎక్కించిన నా పేరు కూడా అలాగే వచ్చేసి, అందరికంటే పైన ఎర్రగా ఉంది.

"ఏమే, ఈ డెమోది ఇంకా వేలాడుతోందేంటి? తీసెయ్" అని లోపల్నుంచి కేకేశారు.

వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. "తియ్యడానికి రాదండీ. మీరు చూస్తేనే పోతుంది. నాకు నిజంగానే..."

"బయట ఎంతమందున్నారో చూశావా?" తలెత్తకుండా టకటకా కొట్టారు. "అయిపోయింది. తర్వాతి వాళ్లని పంపు."

నా బల్ల దగ్గరికి వచ్చి చూస్తే ఎరుపు పోయి నా పేరు పచ్చగా ఉంది. ‘గొంతు పరీక్షించాను. మామూలుగానే ఉంది.’ కింద ఆయన పేరు. ముందు కోపం రాలేదు. గొలుసు తీసి వచ్చినందుకు సిగ్గేసింది. ఖాళీ మెడ మీద చెయ్యి వేసుకున్నాను. ఫోన్ మోగుతోంది, ఎవరి పిల్లాడో ఏడుస్తున్నాడు. ఆ అమ్మాయి చూపించిన చోట నొక్కాను. ముందు కూర్చున్న ముసలాయన్ని లోపలికి వెళ్లమని, బ్యాగు తీసుకుని వీధిలోకి దిగాను. మోగే ఫోన్ని వదిలేసి బయటికి రావడం అదే మొదలు.

రెండు వీధుల అవతల ఉన్న డాక్టరమ్మ నా రికార్డు అప్పటికే చదివినట్టున్నారు. లేచి చేతులు కడుక్కుంటూ, "మీ వారు ఇవాళే చూశారుగా?" అని అడిగారు.

"చూశానని రాశారండీ" అన్నాను. "చూడలేదు."